టిప్పు డబ్బులపై ఆదాయపు పన్ను: బందరు, గుడివాడ, దివిసీమ

దిగువ కృష్ణా డెల్టాలో జీతం మీదో కూలి మీదో మాత్రమే ఆధారపడకుండా, పని చేయించుకున్నవాళ్లు సంతోషంగా చేతిలో పెట్టే డబ్బుతో కూడా ఇల్లు నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. హోటలు సర్వర్లు, మంగలి షాపుల్లో పనివాళ్లు, గుడి దగ్గర తలనీలాలు తీసేవాళ్లు, పెళ్లిళ్ల వంటవాళ్లు, వడ్డన కుర్రాళ్లు, సన్నాయి మేళం వాళ్లు, కారు డ్రైవర్లు, నాగాయలంక వైపు పడవల సరంగులు, ఇప్పుడు ఫోన్ ఆర్డర్ల భోజనం ఇంటికి తెచ్చే కుర్రాళ్లు ఈ కోవలోకి వస్తారు. ఈ డబ్బును పనిని బట్టి, ఊరిని బట్టి టిప్పు, ఇనాం, బక్షీసు, మామూలు, టీ డబ్బులు అంటారు. లంచానికి కూడా మామూలు అనే పేరుంది గానీ ఆ సంగతి ఈ వ్యాసంలోకి రాదు.

భారత ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో టిప్పు ఆదాయమే, అందులో సందేహం లేదు. పుచ్చుకున్నవాడి ఏడాది మొత్తం రాబడి పరిమితి దాటితే దానిమీదా పన్ను పడుతుంది. ఈ ప్రాంతపు సర్వర్లలో, క్షురకుల్లో ఆ పరిమితి దాకా వెళ్లేవాళ్లు అరుదు కాబట్టి, పన్ను వెయ్యాలా వద్దా అన్న ప్రశ్న వాళ్ల జేబును పెద్దగా తాకదు. వాళ్ల జేబును తాకే ప్రశ్న మరొకటి ఉంది. పన్ను చట్టం ఆదాయమని లెక్కగట్టే ఈ డబ్బును కార్మిక బీమా చట్టం వేతనమని ఒప్పుకోదు. జబ్బు చేసినప్పుడు, ముసలితనం వచ్చినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

కళ్లంలో మేర, ఊళ్లో మోతుర్ఫా

డెల్టా గ్రామాల్లో సేవకు ప్రతిఫలం నెల జీతంగా రావడం ఇటీవలి మాట. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి ఏడాది పొడుగునా రైతు ఇంటి పని చేసి, కుప్పనూర్పిళ్లప్పుడు కళ్లానికి వెళ్లి ధాన్యంలో తమ వంతు తెచ్చుకునేవారు. దాన్నే మేర అనేవారు. కొలత ఊరి కట్టుబాటును బట్టి ఉండేది. ఆ పైన కొసరుగా చేటలో పోసే గింజలు, సంక్రాంతికి, పెళ్లికి, పురుటికి ఇచ్చే బట్టలు, డబ్బులు, వంటకాలు రైతు మనసును బట్టి ఉండేవి. ఈ రెండో భాగమే నేటి టిప్పుకు దగ్గర చుట్టం. మేరను అడిగే హక్కు ఉంది, కొసరును అడిగే హక్కు లేదు. అయినా కొసరు పెట్టని ఇంటి గురించి ఊరంతా చెప్పుకునేది. టిప్పు పూర్తిగా ఇష్టపూర్వకమని చట్టం అంటున్నా, దానికి వెనక ఇలాంటి ఒత్తిడి ఒకటి ఎప్పుడూ ఉంది.

కరణం, తలారి, వెట్టి వంటి గ్రామ నౌకర్ల మేరల సంగతి వేరు. వీళ్ల కోసం మద్రాసు ప్రభుత్వం 1864లో గ్రామ సెస్సు చట్టం తెచ్చింది. ధాన్యపు మేరల బదులు శిస్తు మీద కొంత వసూలు చేసి, దానిలోంచి వాళ్లకు రొక్కం జీతం ఇవ్వడం దాని ఉద్దేశం. సర్కారుకు పనికొచ్చిన సేవకులకు జీతం ఖాయమైంది. చాకలి, మంగలి మాత్రం మేర మీదే, రైతు దయమీదే మిగిలిపోయారు. ఆ విభజన ఫలితం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా పల్లెల్లో కనిపించింది.

దీనికి ముందు సేవకుల రాబడి మీద సర్కారు నేరుగా పన్ను వేసిన కాలం ఉంది. ఆ పన్ను పేరు మోతుర్ఫా. నవాబుల కాలం నుంచి వచ్చిన దాన్ని కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో కొనసాగించింది. మచిలీపట్నం (బందరు) జిల్లాలో నేతగాళ్ల మగ్గాలకు లెక్కగట్టి వసూలు చేసేవారు. వడ్రంగి, కంసాలి, మంగలి, చాకలి వంటి వృత్తులవాళ్లు, చిల్లర అమ్మకాల వాళ్లు కూడా దాని కిందికి వచ్చేవారు. ఎంత సంపాదించావని అడిగే పన్ను కాదు అది. మగ్గం ఉందా, కత్తి ఉందా, కొలిమి ఉందా అని చూసి వేసేది. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చిపడి బందరు నేత దెబ్బతిన్న రోజుల్లో కూడా మగ్గం పన్ను వదల్లేదు. గాజుల లక్ష్మీనరసు శెట్టి స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన అర్జీలో మోతుర్ఫా గురించి గట్టిగా ఫిర్యాదు చేసింది. కూరగాయలమ్ముకునే ముసలమ్మల దాకా ఇది పాకిందన్నది ఆ అర్జీలోని మాట.

1857 తిరుగుబాటు ఖర్చులతో ఖజానా ఖాళీ అయ్యాక, అప్పటి ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ 1860లో భారతదేశానికి తొలి ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయలలోపు రాబడి ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చాడు. ఆ ఏళ్లలోనే మోతుర్ఫా పోయింది. పనిముట్టును చూసి వేసే పన్ను పోయి రాబడిని చూసి వేసే పన్ను రావడం, దానికి కింద ఒక గీత గియ్యడం సేవకులకు జరిగిన పెద్ద మేలు. ఈనాడు టిప్పును ఆదాయంగా లెక్కించడం తప్పని వాదించేవాళ్లు ఈ చరిత్రను కూడా చూడాలి. ఆదాయం అనే లెక్కలోకి రావడమంటే, ఆ గీత ఇచ్చే రక్షణలోకి కూడా రావడమే.

ఇచ్చే తీరు

బందరులోనో గుడివాడలోనో మధ్యతరగతి హోటల్లో భోజనం అయ్యాక, బిల్లు చిన్న పళ్లెంలో సోంపుతో కలిసి వస్తుంది. చిల్లర తిరిగి వచ్చినప్పుడు పదో ఇరవయ్యో అందులోనే వదిలి లేస్తారు. పెద్దవయసు సర్వరయితే “ఉంచు బాబాయ్” అని చేతికే ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఆ నోటు ఎవరిదన్నది హోటలును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఏ బల్లకు వడ్డించినవాడు ఆ డబ్బు తీసుకుంటాడు. కొన్నిచోట్ల గల్లాపెట్టె పక్కన డబ్బాలో వేసి, వారానికోసారి సర్వర్లు, బల్లలు తుడిచే కుర్రాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు పంచుకుంటారు. డబ్బా పద్ధతిలో గిన్నెలు కడిగే మనిషికీ వాటా దక్కుతుంది, విడివిడి పద్ధతిలో దక్కదు. ఒకే హోటల్లో పనిచేసే ఇద్దరి రాబడిలో తేడా చాలావరకు ఈ ఒక్క ఏర్పాటులో ఉంటుంది.

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి, చెవులు కుట్టించడానికి కుటుంబాలు వస్తుంటాయి. తలనీలాలకు టిక్కెట్టు ఉంటుంది. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని తల కదలకుండా పట్టుకుంటాడు. క్షురకుడు నీళ్లు చల్లి, మాటల్లో పెట్టి, గాటు పడకుండా పని ముగిస్తాడు. అప్పుడు మేనమామ జేబులోంచి తీసే నోటు టిక్కెట్టు ధరలో లేదు. దాన్ని పన్ను చట్టం ఏమంటుంది? అది గుడి ఇచ్చింది కాదు కనుక జీతం కాదు. ఊరికే ఇచ్చింది కాదు కనుక కానుక కూడా కాదు. చేసిన పనికి మరొకరు ఇచ్చిన రాబడి అది, వృత్తి ఆదాయంలో చేరుతుంది. దేవాదాయ శాఖ గుళ్లలో పనిచేసే క్షురకులకు నెలకు కనీసం 25,000 రూపాయలు అందేలా చూడాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఈ నోటు మీద వాళ్లు ఎంతగా ఆధారపడ్డారో ఆ నిర్ణయాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

అర్చకుల హారతి పళ్లెం కథ వేరు. 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం వంశపారంపర్య హక్కులను, హుండీలో వాటాలను, రుసుములను రద్దు చేసింది. సుప్రీంకోర్టు 1996లో నారాయణ దీక్షితులు కేసులో ఆ రద్దును సమర్థించింది. కట్టుబాటుగా వచ్చే వాటా పోయి జీతం వచ్చింది గానీ, హారతి పళ్లెంలో భక్తులు వేసే నోట్లు ఆగలేదు.

అన్నిటికంటే స్పష్టంగా ఈ తేడాలు బయటపడేది పెళ్లి పందిట్లో. గుడివాడ దగ్గర ఒక పెళ్లిలో పెళ్లికొడుకు పెదనాన్న దగ్గర అయిదు వందల నోట్లు నాలుగు ఉన్నాయనుకుందాం. ఒకటి చదివింపుల్లో వధూవరులకు ఇచ్చాడు. పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చే కానుకకు చట్టంలో పూర్తి మినహాయింపు ఉంది, ఎంత పెద్దదైనా పన్ను లేదు. రెండోది మంగళసూత్రం వేళ గట్టిమేళం బాగా వాయించాడని సన్నాయి కళాకారుడికి ఇచ్చాడు. మూడోది గోంగూర మాంసం బాగా కుదిరిందని వంటమేస్త్రి చేతిలో పెట్టాడు. నాలుగోది బంతిలో మళ్లీ మళ్లీ అడిగి వడ్డించిన క్యాటరింగ్ కుర్రాడికిచ్చాడు. ఈ కుర్రాళ్లలో సెలవుల్లో రోజుకూలికి వచ్చే డిగ్రీ విద్యార్థులు ఎందరో ఉంటారు. చివరి మూడూ ఆదాయమే. ఒకే చేతి నుంచి, ఒకే సంతోషంతో వచ్చినా పుచ్చుకున్నవాడు పని చేసి పుచ్చుకున్నాడా లేదా అన్నదే అక్కడ గీత.

కోర్టులు గీసిన గీత

ఈ గీతను సుప్రీంకోర్టు దశాబ్దాల క్రితమే గీసింది. వేదాంతం బోధించే పి. కృష్ణ మేనోన్‌కు ఒక శిష్యుడు పెద్ద మొత్తాలు ఇచ్చాడు. బోధకు తాను రుసుమేమీ అడగలేదని, ఇది భక్తితో ఇచ్చిన కానుకేనని ఆయన వాదించారు. బోధనే ఆయన వృత్తి, ఆ వృత్తి వల్లే ఆ డబ్బు వచ్చింది కాబట్టి అది ఆదాయమేనని 1958లో కోర్టు తేల్చింది. మరో కేసులో భావనగర్ మహారాజు తన పూర్వ దివాను పట్టాణీకి అయిదు లక్షలు ఇచ్చారు. ఉద్యోగానికి ప్రతిఫలంగా కాక వ్యక్తిగత ఆదరంతో ఇచ్చిన కానుక అది కనుక పన్ను లేదని 1961లో తీర్పు వచ్చింది. దివానుకు అయిదు లక్షలు పన్నులేని కానుకగా మిగలడం, సర్వరుకు ఇరవై రూపాయలు ఆదాయం కావడం వినడానికి కష్టంగా ఉంటుంది. న్యాయసూత్రం మాత్రం ఒక్కటే: ఎంత ఇచ్చారన్నది కాదు, దేనికిచ్చారన్నది చూడాలి.

ఇంగ్లండులో 1947 నాటి కాల్వర్ట్, వెయిన్‌రైట్ కేసులో టాక్సీ డ్రైవర్ టిప్పుల గురించి న్యాయమూర్తి ఇదే మాట చెప్పారు. మామూలు టిప్పు పన్నుకు లోబడుతుంది. ఎప్పుడూ అదే డ్రైవర్ను పిలిచే మనిషి క్రిస్మసుకు అతని మీద అభిమానంతో ప్రత్యేకంగా ఇచ్చేది వ్యక్తిగత కానుక కావచ్చు. మన సంక్రాంతి మామూలుకు ఈ మాట చక్కగా వర్తిస్తుంది. ఇంటికి ఏళ్ల తరబడి పాలు పోసే మనిషికి పండక్కి పెట్టే చీర, ఊళ్లోకి తొలిసారి వచ్చిన ఆటోవాలాకు వదిలేసే చిల్లర ఒక్కటి కావు.

టిప్పుల మీద నేరుగా వచ్చిన పెద్ద తీర్పు ఐటీసీ హోటళ్లది. ఢిల్లీలో ఐటీసీ నడిపే హోటల్లో అతిథులు క్రెడిట్ కార్డు మీద బిల్లుతో పాటు టిప్పు కూడా చెల్లించేవారు. సంస్థ ఆ మొత్తాన్ని తర్వాత సిబ్బందికి పంచేది. అలా పంచినప్పుడు జీతంలో లాగా ముందే పన్ను కోసుకోవలసిందని ఆదాయపు పన్ను శాఖ పట్టుబట్టింది. 2011లో ఢిల్లీ హైకోర్టు శాఖతో ఏకీభవించింది. 2016 ఏప్రిల్‌లో జస్టిస్ కురియన్ జోసెఫ్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం దాన్ని తిరగరాసింది. జీతమంటే యజమాని దగ్గర నుంచి హక్కుగా రావలసింది. టిప్పు ఇచ్చేది అతిథి. మధ్యలో హోటలు ఆ డబ్బును సిబ్బంది తరఫున భద్రంగా ఉంచి అందజేసే మధ్యవర్తి మాత్రమే. కాబట్టి అది జీతం కాదు, యజమాని పన్ను కోయనక్కర్లేదు. పుచ్చుకున్న ఉద్యోగి మాత్రం ‘ఇతర మార్గాల ఆదాయం’ కింద చూపించాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా ఈ సూత్రం మారలేదు.

పరిమితి కింద

కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల రూపాయల దాకా పన్నే లేదు. 2025-26 నుంచి రిబేటు వల్ల పన్నెండు లక్షల దాకా మామూలు ఆదాయం మీద చెల్లించవలసింది సున్నా. నెలకు 12,000 జీతం, నెలలో 26 రోజులు రోజుకు 150 చొప్పున టిప్పు వచ్చే సర్వరును తీసుకుంటే, జీతం ఏడాదికి 1,44,000, టిప్పులు 46,800, మొత్తం 1,90,800. తొలి మెట్టుకు సగం కూడా కాదు. టిప్పుకు పన్ను మినహాయింపు ఇస్తూ రేపు చట్టం వచ్చినా ఈ మనిషికి ఒక్క రూపాయి కలిసిరాదు. మేలు జరిగేది మహానగరపు పెద్ద హోటళ్లలో మంచి జీతం మీద మంచి టిప్పులు వచ్చే కొద్దిమందికే.

ఇతనికి నిజంగా తగిలే అవకాశమున్న పన్ను వృత్తి పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో 1987 చట్టం కింద నెల జీతం 15,000 దాటితే 150 రూపాయలు, 20,000 దాటితే 200 కట్టాలి. యజమాని జీతం కాస్త పెంచి గీత దాటిస్తే నెలనెలా కోత మొదలవుతుంది. జీతం పెంచకుండా టిప్పుల మీద వదిలేస్తే కోత లేదు. తక్కువ జీతమిచ్చి, మిగతాది గిరాకీల దగ్గర తెచ్చుకోమనే యజమానికి ఇదొక సాకుగా పనికొస్తుంది.

డెల్టాలో ఈ చర్చకు మరో పక్క ఉంది. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కృష్ణా కాలవ కింద పొలం ఉన్నవాడు స్వయంగా దున్నినా, కౌలుకిచ్చి హైదరాబాదులో ఉన్నా, పొలం మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయమే. అతనికి ఇతర ఆదాయం ఉంటే పన్ను రేటు తేల్చడానికి మాత్రం దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. అదే పొలంలో నాట్లు వేసే కూలి మనిషి వేతనానికి చట్టరీత్యా ఆ మినహాయింపు లేదు. పరిమితి దాటనందువల్లే ఆమె మీద పన్ను పడదు. కౌలుగా వచ్చే వందల బస్తాలకు పేరుపెట్టి మినహాయింపు ఇచ్చిన చట్టం, సర్వరు చేతిలో ఇరవై రూపాయలను ఆదాయమని రాసుకోవడం ఈ ప్రాంతవాసులకు అన్యాయంగా తోస్తే ఆశ్చర్యం లేదు. అయితే ఆ అన్యాయం టిప్పు నిర్వచనంలో లేదు, భూమికిచ్చిన మినహాయింపు ఎంత విశాలమో అందులో ఉంది.

వేతనం కాని ఆదాయం

టిప్పు వేతనం కాదనే మాట పన్ను కేసుల్లో కార్మికుడికి అనుకూలంగా వినిపిస్తుంది. కార్మిక చట్టాల దగ్గరికి వచ్చేసరికి అదే మాట అతనికి ఎదురు తిరుగుతుంది. రాజస్థాన్‌లోని రాంబాగ్ ప్యాలెస్ హోటలు కేసులో టిప్పుల పంపిణీ మీద వచ్చిన పారిశ్రామిక వివాదాన్ని సుప్రీంకోర్టు 1976లో పరిశీలించింది. కార్మికుల పేర వసూలైన టిప్పులను యజమాని తన దగ్గరే అట్టిపెట్టుకోకూడదన్న దృష్టి ఆ తీర్పులో ఉంది. తర్వాత మైసూరులోని ఒక హోటలుకు సంబంధించిన క్వాలిటీ ఇన్ కేసులో, టిప్పులు ఈఎస్‌ఐ (కార్మిక బీమా) చట్టం కింద వేతనం కావు, వాటి మీద చందా కట్టనక్కర్లేదని అదే కోర్టు తేల్చింది.

చందా కట్టకపోవడం వల్ల ఆ నెల చేతికి కొద్ది రూపాయలు ఎక్కువ వస్తాయి. ఈఎస్‌ఐలో కార్మికుడి వంతు వేతనంలో 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. నష్టం జబ్బు పడ్డప్పుడు తెలుస్తుంది. పై సర్వరు డెంగీతో మంచమెక్కాడనుకుందాం. జబ్బు భృతి వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. అతని నెల జీతం 12,000 కాబట్టి రోజు లెక్క సుమారు 400, భృతి 280. టిప్పులు కలిపి అతను నిజంగా తెచ్చుకునేది నెలకు 15,900, అంటే రోజుకు 530. టిప్పును వేతనంలో కలిపి ఉంటే భృతి 371 వచ్చేది. రోజుకు 91 రూపాయల ఈ తేడాను ఏ పన్ను మినహాయింపూ పూడ్చలేదు. భవిష్యనిధి, బోనస్, గ్రాట్యుటీ అన్నీ వేతనం మీద కట్టే లెక్కలే కాబట్టి వాటిలోనూ ఇదే లోటు ఉంటుంది. టిప్పుల మీదే బతికిన మనిషికి అరవయ్యో ఏట ఆ టిప్పుల జాడ ఏ కాగితం మీదా ఉండదు.

దీనికి మందు టిప్పును పూర్తిగా వేతనం అనేయడం అనుకుంటే అందులోనూ ప్రమాదముంది. వేతనమని ఒప్పుకున్న మరుక్షణం, కనీస వేతనంలో అంతమేర తగ్గించి ఇస్తామనే యజమానులు వస్తారు. అమెరికాలో జరిగింది అదే. బీమా, పింఛను లెక్కలకు టిప్పును కలపాలి, కనీస వేతనం లెక్కకు ఎన్నడూ కలపకూడదు. ఈ రెండూ కలిసి ఉన్న చట్టమే డెల్టా కార్మికుడికి ఉపయోగపడుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సర్వీసు చార్జి

హోటలు తానే బిల్లులో కలిపే సర్వీసు చార్జి టిప్పు కాదు. అది హోటలు రాబడి, దానిమీద జీఎస్టీ కూడా పడుతుంది. గిరాకీ అడగకుండా దాన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. బందరు, గుడివాడల భోజన హోటళ్లలో ఈ పద్ధతి పెద్దగా లేదు కాబట్టి ఇక్కడ దాని ప్రభావం తక్కువ.

విదేశాల అనుభవం

గుడివాడ, బందరు ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి చర్చ ఇక్కడికి ఫోన్లలో రోజూ చేరుతుంది. 2024 జూన్‌లో లాస్ వేగాస్ సభలో టిప్పుల మీద పన్ను ఎత్తేస్తామని డొనాల్డ్ ట్రంప్ ప్రకటించాడు. కొద్ది వారాలకు ప్రత్యర్థి కమలా హారిస్ కూడా అదే మాట ఇచ్చింది. ఆ హామీ 2025 జులై 4న చట్టమైంది. 2025 నుంచి 2028 దాకా ఏడాదికి 25,000 డాలర్ల వరకు టిప్పులను ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసేసుకోవచ్చు. ఏడాది ఆదాయం లక్షన్నర డాలర్లు దాటితే ఈ సౌకర్యం క్రమంగా తగ్గిపోతుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు మాత్రం యథాతథం. 2022లో టిప్పులు వచ్చే పనుల్లో ఉన్నవాళ్లలో 37 శాతం మందికి ఫెడరల్ ఆదాయపు పన్ను పడేంత రాబడే లేదని యేల్ విశ్వవిద్యాలయపు బడ్జెట్ ల్యాబ్ లెక్కగట్టింది. అట్టడుగున ఉన్నవాళ్లకు మినహాయింపు అందదన్న బందరు లెక్కే అక్కడా తేలింది.

అమెరికా నుంచి నేర్చుకోదగ్గది అంతకు చాలా ముందు జరిగింది. 1965 సవరణలతో టిప్పులను సోషల్ సెక్యూరిటీ వేతనంలో చేర్చారు. నెలకు 20 డాలర్లు దాటిన టిప్పులను కార్మికుడు యజమానికి చెప్పాలి, చెప్పిన మేరకు అవి రేపటి పింఛను లెక్కలోకి వెళతాయి. నేర్చుకోకూడనిది టిప్పును చూపి కనీస వేతనాన్ని తగ్గించడం. ఫెడరల్ చట్టం కింద టిప్పులు వచ్చే పనివాడికి యజమాని ఇవ్వవలసిన కనీస రొక్కం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు. తెలుగువాళ్లు దట్టంగా ఉండే డాలస్ ఉన్న టెక్సస్‌లో నేటికీ ఆ రేటే. అక్కడి హోటల్లో బిల్లు తెర మీద కనిపించే టిప్పు శాతాలకు ఇదే మూలం. ఆ డబ్బుతో నిండేది యజమాని ఖాళీగా వదిలిన చోటు.

జర్మనీలో గిరాకీ ఇష్టపూర్వకంగా ఇచ్చే టిప్పుకు 2002 నుంచి పన్ను లేదు. ఇటలీలో 2023 నుంచి ఒక హద్దు దాకా అయిదు శాతం నిర్ణీత పన్ను. బ్రిటన్‌లో టిప్పు పన్నుకు లోబడుతుంది, కానీ 2024 అక్టోబరు నుంచి యజమాని దానిలో ఒక్క పెన్నీ కూడా పట్టుకోకుండా న్యాయంగా పంచాలని చట్టం నిర్బంధిస్తోంది.

ఫోనులోకి వచ్చిన చిల్లర

నోటు రూపంలో ఉన్నంతకాలం టిప్పుకు జాడ లేదు. ఇప్పుడు బందరు కోనేరు సెంటరులో టీ తాగినా గోడమీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. చిల్లర తిరిగి రావడమన్నదే తగ్గింది. దాంతో పళ్లెంలో వదిలే అలవాటూ తగ్గింది. ఇవ్వాలనుకున్నవాళ్లు సర్వరు సొంత ఫోన్ నంబరుకు పంపుతారు, లేదా బిల్లుతో కలిపి హోటలు ఖాతాకే కొడతారు. రెండో పద్ధతిలో ఆ డబ్బు సర్వరు దాకా వస్తుందా అన్నది గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి నిజాయితీని బట్టి ఉంటుంది. ఐటీసీ తీర్పు ప్రకారం అది హోటలు సొమ్ము కాదు. ఆ మాట చిన్న హోటళ్ల యజమానులకు, సర్వర్లకు తెలియాల్సి ఉంది.

ఖాతాలో జాడ మిగలడం వల్ల భయమూ పుట్టింది. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు ఇచ్చినప్పుడు, బెంగళూరులో కొన్ని దుకాణాలు నగదు మాత్రమే అని బోర్డులు పెట్టాయి. సేవలకు జీఎస్టీ నమోదు హద్దు ఏడాదికి 20 లక్షలు. సర్వరు, క్షురకుడు, సరంగు దానికి ఎంతో దూరంలో ఉంటారు. తమ ఫోన్‌కు వచ్చే ఇరవైలు, యాభైల గురించి వాళ్లు భయపడాల్సింది లేదు. పైగా ఆ జాడ బ్యాంకు అప్పు అడిగినప్పుడు రాబడికి రుజువుగా పనికొస్తుంది.

యాప్‌ల ద్వారా వచ్చే టిప్పులు కొత్త గొడవ తెచ్చాయి. ప్రయాణం మొదలవకముందే టిప్పు ఇమ్మని అడుగుతోందంటూ 2025 మేలో ఉబర్‌కు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. పని చెయ్యకముందే ఇచ్చే డబ్బు మెచ్చుకోలు కాలేదన్నది అధికారుల వాదన. ఈ కార్మికులకు సంబంధించి అంతకన్నా ముఖ్యమైన మార్పు 2025 నవంబరు 21న వచ్చింది. ఆ రోజు అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం కార్మికుల భద్రతా నిధికి చెల్లించాలి. లెక్క టర్నోవరు మీద కనుక, కుర్రాడికి వచ్చింది వేతనమా టిప్పా అన్న ప్రశ్న అక్కడ పెద్దగా అడ్డురాదు. బందరులో బండిమీద బిర్యానీ తెచ్చే కుర్రాడు ఈ నిధి పరిధిలోకి వస్తాడు. ఆ బిర్యానీ కట్టి అతని చేతికిచ్చిన పార్శిల్ కౌంటరు మనిషి మాత్రం రాడు. అతని హోటల్లో పదిమంది కన్నా తక్కువ పనిచేస్తుంటే ఈఎస్‌ఐ కూడా తప్పనిసరి కాదు, యజమానీ, ఉద్యోగుల్లో ఎక్కువమందీ ఒప్పుకుని చేరితేనే వర్తిస్తుంది.